దర్జీ నయీముద్దీన్ తెల్ల పళ్ళ పిచ్చి

మట్టెవాడలో ఉండే దర్జీ నయీముద్దీన్‌కు ఉన్న పిచ్చి ఒక్కటే, పళ్ళు తెల్లబరుచుకోవడం. అరవైకి దగ్గరపడ్డ మనిషి, పైవరుసలో రెండు ఎప్పుడో రాలిపోయాయి. మిగిలినవాటికి మాత్రం పెళ్ళికొడుక్కి చేసినంత సింగారం చేసేవాడు.

మొదట నిమ్మకాయ, ఉప్పు. తర్వాత వంటసోడా. ఆపైన బొగ్గుపొడి. అది రుద్దినన్నాళ్ళూ ఆయన సలాం చెప్పడానికి నోరు తెరిస్తే ఎదుటివాళ్ళు అడుగు వెనక్కి వేసేవారు. ఆఖరికి ఇంటికి పార్సిల్‌లో వచ్చిన జెల్. ఏది రాసినా పరీక్ష మాత్రం ఒక్కటే. దర్జీ అన్నాక దారాన్ని పంటితో తెంపుతాడు గదా, ఆయనా కొరికి చూసేవాడు. పన్ను జివ్వుమనగానే కళ్ళనీళ్ళు తుడుచుకుని, "ఇది గూడ బేకార్" అని ఆ డబ్బా మోరీలో పారేసేవాడు.

భార్య బడేబీకి ఇందులో నవ్వేమీ కనిపించలేదు. ముసురు పట్టి గుడ్డలు ఆరడం లేదు. ఈయనేమో చాయ్ చల్లారి నీళ్ళయితే గానీ తాగలేడు. ఈ వయసులో ఈ సోకు ఎవరి కోసమన్న అనుమానం ఆమెను తొలిచేసేది. ఇంట్లో మూడో మనిషి అఫ్సానా, తల్లి పోయాక మరిపెడ అవతలి పల్లె నుంచి వచ్చిన ఆయన మేనకోడలు. చిన్నప్పుడు తాగిన బోరు నీళ్ళకు పళ్ళ మీద గోధుమరంగు మచ్చలు పడ్డాయి. చున్నీ అడ్డం పెట్టుకోకుండా ఆ పిల్ల నవ్వగా బడేబీ ఎన్నడూ చూడలేదు. సోమవారం నుంచి చీరల షోరూంలో కౌంటర్ ఉద్యోగం ఆమెకు. దాని దిగులుతో అన్నం కూడా సరిగ్గా తినడం లేదు.

ఆ వారంలోనే నయీముద్దీన్ చిగుళ్ళు తెల్లగా పొక్కి, పెదవి వాచింది. బడేబీ ఆయన్ను పళ్ళ డాక్టరమ్మ లావణ్య దగ్గరికి ఈడ్చుకుపోయింది. జెల్ చాలాసేపు ఉంచడంతో చిగుళ్ళు కాలాయని, అవి మానతాయని డాక్టరమ్మ చెప్పింది. నిమ్మరసానికీ బొగ్గుకీ అరిగిన పంటి పైపొర మాత్రం మళ్ళీ రాదంది. అంతా విని నయీముద్దీన్ ఒక్కటే అడిగాడు.

"బోరు నీళ్ళ మచ్చలు గీ జెల్‌తోని పోతయా అమ్మా?"

అవి పంటిలోనే పడ్డ మచ్చలనీ, ఇంట్లో ఏది రుద్దినా పన్ను చెడడమే తప్ప లాభం లేదనీ, ఆ మనిషిని తీసుకొస్తే చూసి చెబుతాననీ అంది.

మెట్లు దిగుతూనే బడేబీ నిలదీసింది. ఆయన తల వంచుకున్నాడు.

"పోరి ఫోన్ల ఏది చూస్తే అది తెప్పిస్తాంది. అది నోట్లె పెట్టకముందే నేను పెట్టి చూస్తాన. నాయి ఎట్లయినా ఊడేటి పండ్లేనాయె."

తన అనుమానానికి బడేబీకి చెప్పలేనంత సిగ్గేసింది. ఇల్లు చేరగానే సంగతంతా అఫ్సానాకు చెప్పేసింది.

ఆదివారం ఆయన అఫ్సానా కొత్త కుర్తాకు అంచు కుట్టి, దారం తెంపడానికి కత్తెర కోసం తడుముకుంటున్నాడు. అఫ్సానా చాయ్ కప్పుతో వచ్చి పక్కన కూర్చుని, ఆ దారాన్ని తన మచ్చల పళ్ళతో టక్కున కొరికింది.

"చూసినవా మామూ, ఒక్క పన్ను జివ్వనలే. ఇగ దారం నేను కొరుకుత, నువ్వు చాయ్ తాగు."

పొగలు కక్కే ఆ చాయ్ కప్పును ఆయన పామును చూసినట్టు చూశాడు. అది చూసి అఫ్సానా పకపకా నవ్వింది. చున్నీ భుజం మీదే ఉండిపోయింది.