చలపతిగారి ఇంజను పలికిన ఉదయం

చలపతిగారు ఇక లేరన్న కబురు ఫోన్‌లో విన్న వేళ అమెరికాలో మా క్యారీ ఊరంతటా పొగమంచు పరుచుకుని ఉంది. ఆ మంచులోంచి ఆయన బొమ్మ విమానం వదిలే, ఆముదం వాసన వేసే నీలిపొగ లేస్తుందనీ, దాని వెనక ఆయన నవ్వుతూ నిలబడి ఉంటారనీ నా మనస్సు చాలాసేపు మొండికేసింది. ఇంతలో మనవాళ్ల వాట్సాప్‌లో సంతాప సందేశం: "కాలక్షేపానికి బొమ్మ విమానాలు ఎగరేసేవారు." కాలక్షేపమట! పిడికిలంత ఇంజను ఉచ్ఛ్వాస నిశ్వాసాలను చెవితో పట్టిన మనిషిది కాలక్షేపమైతే, తపస్సన్న మాటను నిఘంటువులోంచి తీసేయండి.

కళాశాల గడప తొక్కని నన్ను పక్కన కూర్చోబెట్టుకుని ఆ విద్య నేర్పారాయన. ఇంజను మొరాయిస్తే చాలు, నా చెయ్యి ఇంధనాన్ని సరిచేసే సూదిమర మీదికి పోయేది. ఆపేవారు. "తిప్పకండి మాస్టారూ, అడగండి. నిప్పు అందలేదా? ఆకలా? ఎక్కువ తాగిందా? రోగిని నోరెత్తనివ్వని వైద్యుడండీ మీరు!"

మొన్న శనివారం ఆయన విమానాన్ని మా క్లబ్బు మైదానానికి తెచ్చాం. ఆయన సతీమణి రాజ్యలక్ష్మిగారి కోరిక ఒక్కటే. "ఇంట్లో నిశ్శబ్దం భరించలేకపోతున్నా అన్నయ్యగారూ. ఆ చప్పుడు ఒక్కసారి వినిపించండి."

ఇంజను పలకలేదు. నోట్లో నాలుగు చుక్కల ఇంధనం పోసి ప్రొపెల్లర్ తిప్పితే చిటపటమని, అంతలోనే ఆగిపోయేది. నిప్పు అందించే ప్లగ్ మార్చాం, ఇంధనం మార్చాం.

"అంకుల్, ఇది డెడ్. ఎలక్ట్రిక్ మోటర్ ఫిట్ చేసేద్దాం," అన్నాడు మా క్లబ్బులో బ్యాటరీల వీరుడు కిరణ్.

"ముందు నీ నోటికి స్విచ్ ఉంటే కట్టెయ్యి నాయనా," అన్నాను.

పోసిన చుక్కలతో బతుకుతోంది, అవి అయిపోగానే చస్తోంది. అంటే ఆకలే. గాలి పీల్చే నోట్లోకి తొంగిచూస్తే, ఇంధనం చిమ్మే సన్న రంధ్రం మీద ఎండిన గంధం.

రాజ్యలక్ష్మిగారు తల దించుకున్నారు. "నేనేనండీ. ఆఖరిసారి ఆయన నుదుట పెట్టగా వేలికి కాస్త మిగిలింది. దీనికి మాత్రం ఇంకెవరున్నారని..."

రంధ్రం మేరకే శుభ్రం చేశాను. అంచున అంటిన గంధాన్ని ముట్టుకోవడానికి చేతులు రాలేదు.

ఈసారి అంటుకుంది. అయితే ఏదో బొంగురు. మేం సంబరపడుతుంటే ఆమె దగ్గరికి వచ్చారు. "ఆయనది ఇలా ఉండదు. సూదిమర ఇంకాస్త బిగించండి... అబ్బా, ఎక్కువైంది, వెనక్కి... ఆఁ, అక్కడే." ఇన్నేళ్లూ కారులో కూర్చుని స్వెటర్ అల్లుకుంటున్నారనుకున్నాం ఆవిడ! ఏకశ్రుతిలో ఆ నాదం పైన్ చెట్ల మీదుగా, మంచులో కరిగి, ఎటో వెళ్లిపోతూనే ఉంది. ఆమె కళ్లు మూసుకున్నారు.

ట్యాంకు ఖాళీ అయి దానంతటదే ఆగింది.

"మళ్లీ పోయమంటారా అమ్మా?"

"వద్దన్నయ్యగారూ. చల్లారనివ్వండి."

చలపతిగారూ, మీ ఇంజను పలికింది. మిమ్మల్ని పలికించే విద్యే మాకు నేర్పకుండా వెళ్లిపోయారు. నమస్సులు.