రెజ్యూమెలో రాసిన నంబర్

2023 ఆగస్టు 8, మంగళవారం, ఉదయం 7:40. అమీర్‌పేటలో నెట్‌వర్కింగ్ పాఠాలు చెప్పడం మొదలుపెట్టి అప్పటికి నాకు ఇరవై రెండేళ్లు. ఇన్‌స్టిట్యూట్ తాళం తీస్తుండగా నా విద్యార్థిని అనురాధ ఫోన్ చేసింది.

"మేడం, నా వెబ్‌సైట్ బయటి నుంచి తెరుచుకుంటలేదు. ఇంట్లనైతే మంచిగనే వస్తున్నది."

అనురాధ ఉద్యోగం మానేసి తొమ్మిదేళ్లయింది. యూసుఫ్‌గూడలో భర్తతో కలిసి టైలరింగ్ షాపు నడుపుతోంది. ఇంట్లోని పాత కంప్యూటర్‌ను వెబ్ సర్వర్‌గా మార్చి, షాపు డిజైన్లన్నీ అందులో పెట్టింది. చూపించుకోవడానికి ఆమెకున్న పని అదొక్కటే. రెజ్యూమెలో 'అనుభవం' అన్నచోట ఆ సర్వర్ ఐపీ అడ్రస్, అంటే ఇంటర్నెట్‌లో దాన్ని పట్టుకునే నంబర్, రాసింది. ఆ రోజు పదకొండింటికే బంజారా హిల్స్‌లోని ఒక కంపెనీలో నెట్‌వర్కింగ్ ఉద్యోగానికి ఇంటర్వ్యూ.

"స్టాటిక్ పెట్టలేదా?" అన్నాను. స్టాటిక్ అంటే మారని నంబర్.

"పెట్టిన మేడం. మీ నోట్స్‌ల ఎట్లున్నదో అట్లనే."

నోట్స్ తీసి చూశాను. ఇంటి లోపల కంప్యూటర్‌కు ఉండే నంబర్ మారకుండా చేయడమే రాశాను. బయటి నంబర్ ఇంటర్నెట్ కంపెనీ ఇస్తుందనీ, మారనిది కావాలంటే విడిగా అడగాలనీ రాయలేదు. రాత్రి వానకు కరెంటు పోయి, రౌటర్ మళ్లీ ఆన్ అయ్యేసరికి ఆ నంబర్ మారిపోయింది. ఇంటర్వ్యూ వాళ్లకు కొత్తది మెయిల్ చేయించాను. తొమ్మిదింటికి మళ్లీ కరెంటు పోయింది, అదీ మారింది.

పంజాగుట్టలో ఇంటర్నెట్ కంపెనీ ఆఫీసు పదింటికి తెరిచేసరికి మేమిద్దరం మెట్ల మీదే ఉన్నాం.

"స్టాటిక్‌కు రెండు రోజులు పడ్తదక్కా," అన్నాడు కౌంటర్‌లో అతను.

"ఇంటర్వ్యూ ఇయ్యాల్నే ఉన్నది. రెండు రోజులైనంక ఇస్తే దాన్ని ఫ్రేమ్ కట్టించి గోడకు పెట్టుకోవాల్నా అన్నా?" అంది అనురాధ.

అతను నా వైపు తిరిగాడు. "అమ్మా, మీరన్న జర చెప్పుండ్రి."

"తప్పు రాసింది నేను. నంబర్ ఇచ్చేదాకా కదలను."

"మా సార్ సుత గింత గట్టిగ మాట్లాడడు," అంటూ ఫోన్ అందుకున్నాడు.

పదిన్నరకు అనురాధ వెళ్లిపోతానంది. నంబర్ లేకుండా వెళ్లి ఏం చూపిస్తావని నేనే ఆపాను. 10:52కు నంబర్ వచ్చింది. ఇంటి దగ్గర ఆమె భర్త దాన్ని రౌటర్‌లో పెట్టాడు. 11:05కు వెబ్‌సైట్ నా ఫోన్‌లో తెరుచుకుంది. ఆమె ఆటో ఎక్కింది.

చేరేసరికి 11:30. వాళ్లు పదకొండింటికే తమ దగ్గరున్న నంబర్లు రెండూ చూసి, తెరుచుకోవడం లేదని రాసుకుని, తర్వాతి మనిషిని పిలిచారట. "ఇప్పుడు చూడుండ్రి సార్" అని అడిగినా చూడలేదు.

ఆమెను ముందే పంపి, నంబర్ రాగానే ఫోన్‌లో చెప్తే సరిపోయేది. నెట్‌వర్కింగ్ పాఠాలు చెప్పే నాకు ఆ మాట తట్టలేదు. నోట్స్‌లో తప్పు మర్నాడే దిద్దాను. పనిలో ఎంత పట్టుదల ఉన్నా, ఎదుటివాళ్ల గడియారం చూసుకోవాలని ఆ రోజు తెలుసుకున్నాను.

పోయినవి: తొమ్మిదేళ్ల తర్వాత వచ్చిన మొదటి ఇంటర్వ్యూ ఒకటి, దాని కోసం అనురాధ చదువుకున్న రోజులు నలభై ఒకటి.