సుక్రయ్య నోట నా మాట

ఇరవై ఏళ్ళకు దగ్గరగా ఒక మాట నా లోపల ఉండిపోయింది. దాన్ని మోస్తూనే పిల్లలకు పాఠాలు చెప్పాను, పెళ్ళిళ్ళకు వెళ్ళాను, పదవీ విరమణ సభలో శాలువా కప్పించుకున్నాను. ఎవరూ కనిపెట్టలేదు. కనిపెట్టకపోవడమే నన్ను ఎక్కువ భయపెట్టింది. ఇంత చెడ్డ పని చేసి మనిషి ఇంత మామూలుగా ఉండగలడా? ఉండగలడు. నేనున్నాను.

నా పేరు చెప్పను. అరకు లోయలో ఒక బడిలో తెలుగు మాస్టారుగా పనిచేశానని తెలిస్తే చాలు. మిమ్మల్ని నేనెరగను, నన్ను మీరెరగరు. అందుకే మీతో చెప్పగలుగుతున్నాను. తెలిసినవాళ్ళతో చెప్పాలని చాలాసార్లు మొదలుపెట్టి, మధ్యలో వర్షాల గురించో కాఫీ తోటల గురించో మాట్లాడి వచ్చేశాను.

ముందు సుక్రయ్య గురించి చెప్పాలి. చూశారా, అతని గురించి చెప్పాల్సిన చోట కూడా నా గురించే మొదలుపెట్టాను.

సుక్రయ్యది కొండలకు అవతల, ఒరిస్సా వైపు ఊరు. శుక్రవారం పుట్టాడని ఆ పేరు పెట్టారు. కొండల్లో రైలు మార్గం వేస్తున్న రోజుల్లో టైడా దగ్గర సొరంగాల్లో రాళ్ళు మొయ్యడానికి వచ్చాడు. పని అయిపోయాక తిరిగి వెళ్ళలేదు. మా లోయలో పిల్లనే పెళ్ళి చేసుకుని, వాళ్ళ చోడి చేను, అంటే రాగి చేను, దున్నుకుంటూ ఉండిపోయాడు. అక్కడివాళ్ళకు తెలుగోడు, ఇక్కడివాళ్ళకు ఒరియావోడు. రెండు భాషలూ వచ్చు, రెండింట్లోనూ పరాయి యాస. బహుశా అందుకేనేమో, ఎవరి మాట విన్నా అది అతని నోట్లో అలాగే దిగిపోయేది.

అతన్ని నేను మొదట చూసింది సంతలో. టీ కొట్టు ముందు జనం గుంపుగా నిలబడి నవ్వుతున్నారు. మధ్యలో ఇతను. విస్తళ్ళు కుట్టే అడ్డాకు ఒకటి టోపీలా నెత్తిన పెట్టుకుని, రైలు పనుల ఇంజనీరు సొరంగంలోకి తొంగిచూసి, లోపలికి వెళ్ళడానికి భయపడి, ఆ భయం కూలీలకు తెలియకుండా ఉండాలని వాళ్ళ మీద కేకలెయ్యడం చేసి చూపిస్తున్నాడు. ఆ కేకల్లో ఒక్క మాటకు కూడా అర్థం లేదు. అయినా అది ఇంగ్లీషే. నేను కూడా నవ్వాను. నవ్వుతూనే, నాకు రానిది ఇతనికి వచ్చునని అనుకున్నాను. ఆ మొదటి రోజే అనుకున్నాను.

నాకు నాటకాల పిచ్చి. విజయనగరం వైపు చదువుకున్న రోజుల్లో పట్టింది. బదిలీ మీద కొండలెక్కాక కూడా వదల్లేదు. నలుగురైదుగురిని పోగుచేసి, సంతరోజు మధ్యాహ్నం బేరాలు పలచబడ్డాక, చిన్న చిన్న నాటకాలు ఆడించేవాణ్ణి. మశూచి టీకాల మీద, సారా మీద, బడి మీద. రాసేది నేనే. నాయకుడి వేషం కూడా నాదే. సుక్రయ్య వచ్చాక మిగిలిన వేషాలన్నీ అతనివయ్యాయి. ఒకే నాటకంలో సావుకారు, గురువు, తాగుబోతు, పురిటి నొప్పులు పడే ఆడమనిషి, ఆమె అత్త. గోనెపట్టా వెనక్కి వెళ్ళి వచ్చేసరికి ఇంకో మనిషి. రంగులు లేవు, విగ్గులు లేవు. నడక మారేది. మెడ మారేది. సావుకారు వేషం కోసం ఒక వ్యాపారి కొట్టు ముందు నాలుగు సంతలు ఊరికే కూర్చున్నాడు. ఏం చూస్తున్నావని అడిగితే, “ఆయన అబద్దం ఆడినప్పుడు కాలు కదుపుతాడు మేస్టారూ” అన్నాడు.

చదువు రాదు. నేను రెండుసార్లు చదివి వినిపిస్తే మూడోసారి తప్పు లేకుండా అప్పజెప్పేవాడు. ఆ మాటలు నావే. కానీ అతని నోట్లోంచి వస్తుంటే వాటిని నేనెప్పుడూ విననట్టు ఉండేది.

జనం నా వేషం పేరు మరిచిపోయేవారు. అతని ముసలమ్మ మాటలు వారం తర్వాత కూడా చెప్పుకునేవారు. అది నాకు కష్టంగా ఉండేదా? ఉండేది. నేను చేసినదానికి ఆ కడుపుమంటే కారణమని చెబితే సులువుగా ఉంటుంది, మీకూ అర్థమవుతుంది. కాని నిజంగా అదేనా? భయం కాదా? రెండూ ఎంతెంత పాళ్ళలో ఉన్నాయో ఇప్పటికీ విడదీయలేకపోతున్నాను.

అరవైల చివర ఆ ఏడు, నక్సలైట్ల కోసమని ఏజెన్సీ అంతటా పోలీసు క్యాంపులు వెలిశాయి. పాడేరు వెళ్ళే జీపులను ఆపి మూటలు విప్పించేవారు. ముగ్గురు కలిసి నడిస్తే పేర్లు రాసుకునేవారు. అలాంటి రోజుల్లో నేనొక నాటకం రాశాను. కట్టెల మోపుతో దిగివస్తున్న ముసలమ్మను అడవి గార్డు ఆపుతాడు. కోడినిస్తే వదిలేస్తానంటాడు. అప్పుడు ముసలమ్మ అంటుంది: “అడివి నీ అబ్బ నాటినాడా? నాటితే సెట్టు సెట్టునీ పేరెట్టి పిలు. ఒక్క సెట్టు పలికినా నా మోపు నీకిచ్చేస్తాను.” గార్డు తెల్లబోతాడు. “అయితే నాను పిలుస్తాను సూడు” అని ముసలమ్మ ఒక్కొక్క చెట్టునూ పిలుస్తుంది.

ఆ మాటలు రాసిన రోజు నాకెంత గర్వమో చెప్పలేను. వంటింట్లో ఉన్న నా భార్యను పిలిచి మరీ వినిపించాను.

ముసలమ్మ సుక్రయ్య. సంత మధ్యలో నిలబడి, నడుము వంచి, కళ్ళ మీద చెయ్యి అడ్డం పెట్టుకుని కొండవైపు చూసి పిలిచాడు. “ఓ ఇప్పసెట్టూ!” జనంలోంచి ఎవరో “ఓయ్” అన్నారు. “ఓ మద్దిసెట్టూ!” పదిమంది పలికారు. చింతను పిలిచేసరికి సంతంతా పలికింది. అది నేను రాయలేదు. ఎవరూ రాయలేదు. బేరాలు ఆగిపోయాయి. నాకు ఒళ్ళు జలదరించింది. అంతలో చివర నిలబడి చూస్తున్న ఇద్దరు కానిస్టేబుళ్ళు కనిపించారు. ఒళ్ళు మళ్ళీ జలదరించింది. ఈసారి వేరే రకంగా.

మర్నాడు పొద్దున్న క్యాంపు నుంచి కబురొచ్చింది. అక్కడి అధికారి మర్యాదగానే కూర్చోబెట్టాడు. “గవర్నమెంటు జీతం తీసుకుంటూ ఇవేం మాటలు మాస్టారూ?” అన్నాడు. నాటకం పుస్తకం సాయంత్రంలోగా తెచ్చి చూపించమన్నాడు. నేనే రాశానని అప్పుడే చెప్పి ఉంటే ఏమయ్యేది? ఉద్యోగం పోయేదేమో. నన్ను కొట్టేవారా? తెలియదు. చదువుకున్నవాణ్ణి, కొండ కింద పల్లపు వాణ్ణి, కొంచెం ఆలోచించేవారేమో. ఏమో. తెలుసుకునే అవకాశం నేనే లేకుండా చేసుకున్నాను.

“ఆ మాటలు నావి కావండీ. వాడే అప్పటికప్పుడు కల్పించేశాడు” అన్నాను.

అన్నాక ఇంటికొచ్చి పుస్తకం తీశాను. ఆ రంగం ఉన్న కాగితం చింపాను. కుట్టు దగ్గర ముక్క మిగలకుండా వేలితో పీకాను. పేజీలకు అంకెలు వెయ్యడం నా అలవాటు. తర్వాతి పేజీలన్నిటికీ అంకెలు దిద్దాను, అదే సిరాతో, అనుమానం రాకుండా. చింపిన కాగితాన్ని అన్నం ఉడుకుతున్న పొయ్యిలో పడేశాను. నా భార్య చూసింది. ఆ తర్వాత నా నాటకం ఏదీ వింటానని అడగలేదు.

కంగారులో ఒక అబద్ధం ఆడినవాణ్ణని నన్ను నేను సముదాయించుకోవడానికి ఆ అంకెలు అడ్డొస్తాయి. కంగారుపడ్డవాడు అంకెలు దిద్దడు.

సాయంత్రం పుస్తకం క్యాంపులో ఇచ్చాను. సుక్రయ్యను చేలోంచి తీసుకుపోయారు. మూడు రోజులు అతని భార్య బడి మెట్ల మీద కూర్చుంది. ఆమె తరఫున అర్జీ నేనే రాశాను, గుండ్రటి అక్షరాలతో. “చదువులేని అమాయకుడు, తెలియక అన్నాడు, క్షమించి విడిచిపెట్టగలరు” అని. ఆమె వేలిముద్ర వేసి నా కాళ్ళకు దండం పెట్టింది. ఆ అర్జీలో కూడా నిజం రాయలేదు. రాయడానికి అంత ఖాళీ ఉన్నా.

పది నెలలకు వచ్చాడు. దవడ విరిగి వంకరగా అతుక్కుంది. ఎడమ చెంప, ఎడమ పెదవి కదలవు. అన్నం తింటుంటే ఆ పక్కనుంచి జారిపోయేది. నాలుగు సంతలు కూర్చుని ఒక మనిషి కాలు కదలికను పట్టుకొచ్చినవాడికి, తన ముఖంలో సగం పోయింది.

వచ్చిన వారానికి మా ఇంటికి వచ్చాడు. అరుగు మీద కూర్చోమన్నా కింద కూర్చున్నాడు. అతని మాట నాకు సరిగా తెలియలేదు. పెదవులు కలవక అక్షరాలు జారిపోతున్నాయి. ఇక్కడ మాత్రం సరిగానే రాస్తున్నాను.

“మేస్టారూ, ఓ మాట అడుగుతాను. కోపం సెయ్యకండి.”

“అడుగు.”

“అడివి నీ అబ్బ నాటినాడా అన్నాను గదా. ఆ మాటలు తమరు నేర్పినారా, నానే అనేసినానా?”

నేను తలుపువైపు చూశాను.

“ఎవుడు నేర్పినాడురా అని రోజూ అడిగీవోరు. మేస్టారు నేర్పినారని సెప్పినాను. పుస్తకం సూపించినారు. ఇందులో నేదు గదరా, అబద్దం ఆడతన్నావా అని కొట్టినారు. నాకు సదువు రాదు గదా. పుస్తకంలో నేదంటే నేదేగావాల. ఆకరికి నాకే గేపకం నేకుండా పోనాది. తమరు సెప్పండి. తమరు సెప్తే నమ్ముతాను.”

నిజమే చెప్పాడు. నిజం చెప్పినందుకే తన్నులు తిన్నాడు. ఇప్పుడు ఆ నిజాన్ని నాచేత సరిచూసుకోవడానికి వచ్చాడు. తలుపు దగ్గర ఎవరూ లేరు. క్యాంపు ఎత్తేసి నెల అయింది. నాకు ఏ ప్రమాదమూ లేదు. దయచేసి ఇది గమనించండి. ఏ ప్రమాదమూ లేదు.

“నీవే సుక్రయ్యా,” అన్నాను. “నువ్వే అప్పటికప్పుడు అనేశావు.”

అతని కుడి పక్క ముఖం నవ్వింది.

“నానేనా! అయితే బాగానే అన్నాను, నేదా మేస్టారూ?”

“బాగా అన్నావు.”

మొదటి అబద్ధం భయంతో ఆడానని చెప్పుకోగలను. ఈ రెండోదాన్ని ఏమనాలి? అతని దగ్గర మిగిలిన ఒకే ఒక్క నిజాన్ని, నమ్ముతానని అడిగి మరీ చేతికిస్తే, తీసుకుని పారేశాను.

తర్వాత కూడా వేషాలు వేశాడు. అదే నన్ను ఎక్కువ తినేసింది. కుడి చెంప మాత్రమే జనానికి కనిపించేలా ఎక్కడ నిలబడాలో తనే లెక్క చూసుకున్నాడు. ముసలివాళ్ళు, రోగులు, దయ్యాలు. పెదవులు కలిస్తేగాని పలకని అక్షరాలు అతనికి వచ్చేవి కావు. ప, బ, మ లేని మాటలు వెతికి వెతికి అతని వేషాలకు రాసేవాణ్ణి. ఎంత కష్టమో ఒకసారి రాసి చూడండి, అమ్మ అనలేం, బిడ్డ అనలేం. నేనెంత మంచివాణ్ణో అని అందరికీ చెప్పుకునేవాడు. నేను విని ఊరుకునేవాణ్ణి.

కొన్నేళ్ళకు సినిమా వాళ్ళు లోయకు షూటింగుకు వచ్చారు. జనంలో నిలబడ్డవాళ్ళలోంచి అతన్ని ఏరి, ఏదో చేయించి చూశారు. ఇంతటివాడు ఇన్నాళ్ళు ఎక్కడున్నాడని వాళ్ళలో ఒకాయన నన్నడిగాడు. ఆ ముఖానికి ఏమైందని కూడా అడిగాడు. సొరంగంలో రాయి తగిలిందని చెప్పాను. అలా అది మూడో అబద్ధం. లెక్కపెట్టడం ఆపేశాను.

ఎనభైల మధ్యలో వానాకాలం జ్వరంతో పోయాడు. నేను వెళ్ళేసరికి మట్టి కప్పేస్తున్నారు. చుట్టుపక్కల గూడేలనుంచి చాలామంది వచ్చారు. గార్డుల ముందు, పోలీసుల ముందు అంత మాట అన్న మొనగాడని చెప్పుకుంటున్నారు. అతని కూతురు ఆ మాటలను తన పిల్లకు చెబుతోంది. ఆ రోజు నాకొక సాకు దొరికింది. ఇప్పుడు నిజం చెబితే అతని పేరు తగ్గిపోతుంది కదా, చెప్పకపోవడమే అతనికి మేలు కదా. ఎంత అందమైన సాకు! దానిమీద మూడేళ్ళు హాయిగా నిద్రపోయాను. తర్వాత అదీ చెడింది. నేను గదిలో కూర్చుని రాశాను, అతను సంత మధ్యలో నిలబడి అన్నాడు. నేను నిజం చెబితే అతని ధైర్యం తగ్గదు. తగ్గేది నేనే. అతను పరాయివాడి మాటకు పది నెలలు దెబ్బలు తిన్నాడని తెలుస్తుంది, అంతే.

ఆ కూతురికి చెప్పానా అని మీరడగవచ్చు. ఇంకా లేదు. చెబుతానో లేదో కూడా మాట ఇవ్వను. నా మాటకున్న విలువ మీకు ఇప్పటికే తెలిసింది. మిమ్మల్ని క్షమించమని కూడా అడగడం లేదు. అది మీ చేతిలో లేదు. ఎవరి చేతిలో ఉందో అతను నన్ను క్షమించే వీలు కూడా లేకుండా, తప్పు తనదే అనుకుంటూ పోయాడు.

మరి ఎందుకు చెబుతున్నాను? తెలియదు.

అడవి గురించి ముసలమ్మ అన్న ఆ మాటలు నేను రాశాను. నేను రాసినదాన్ని నేనే రాశానని రాయడం, ఇన్నేళ్ళలో ఇదే మొదటిసారి.