సిల్వర్ ఫంకా

మేడ్చల్‌లో మాది గిన్నెల దుకాణం. గల్లా దగ్గర కూర్చున్నప్పటి నుంచి నేను రోజూ వినే ప్రశ్న ఒక్కటే: "స్టీల్‌ది దీస్కోవాల్నా, సిల్వర్‌ది దీస్కోవాల్నా?" మా దగ్గర సిల్వర్ అంటే వెండి కాదు, అల్యూమినియం. అన్నం వండే తపేలా సిల్వర్, చుట్టాల ముందు పెట్టే పళ్ళెం స్టీల్. ఇది మా వైపు చిన్నపిల్లలకు కూడా తెలుసు. నేను మాత్రం ఎవరేం అడిగినా స్టీలే అంటగట్టేవాణ్ణి. దేనికని అడిగే ఓపిక నాకు అప్పట్లో లేదు.

ఈ దుకాణాన్ని చూసి మా బావ నన్ను లోహాల పండితుణ్ణి అనుకున్నాడు. తెలంగాణ రావడానికి రెండు మూడేళ్ళ ముందు సంగతి. బావ షామీర్‌పేట చెరువులో పడవ నడిపేవాడు. అంతకుముందు కంకర మిషన్ దగ్గర పని చేసేవాడు. పొద్దంతా దుమ్ము మింగడం, ఇంటికొచ్చి దగ్గడం. ఎక్కడో ఒక పాత ఇంజన్ దొరికి పడవకు బిగించాక దగ్గు తగ్గింది, మొహంలోకి నవ్వు వచ్చింది, మా అక్కకు మొగుణ్ణి తీరిగ్గా తిట్టుకునే వీలు చిక్కింది. ఆదివారాలు బిర్యానీ డబ్బాలతో దిగే సిటీ వాళ్ళను చెరువులో ఒక చుట్టు తిప్పేవాడు. సముద్రాలు దాటొచ్చిన కెప్టెన్‌లా ఒక టోపీ కూడా పెట్టేవాడు. అది సిమెంట్ కంపెనీ వాళ్ళు ఊరికే పంచిన టోపీ.

ఆ ఎండాకాలం నీళ్ళు తగ్గి అడుగున బండలు పైకొచ్చాయి. ఇంజన్ కింద నీళ్ళలో తిరిగే మూడు రెక్కల ప్రొపెల్లర్‌ను మేం ఫంకా అనేవాళ్ళం. ఉన్నది అల్యూమినియంది. రెండుసార్లు బండకు తగిలి వంగితే బావ సుత్తితో కొట్టి సాపు చేశాడు. మూడోసారి ఒక రెక్క విరిగే పోయింది. విరిగిన ముక్కను అన్నం పళ్ళెం పక్కన పెట్టి నన్ను అడిగాడు.

"ఏది మంచిగుంటది బామ్మర్ది? సిల్వర్‌దా, స్టీల్‌దా?"

"గిది గూడ అడుగుడేనా బావా? స్టీల్! బండకు తల్గినా గీత గూడ వడదు."

వడ్డిస్తున్న అక్క ఆగింది. "మూడుసార్లు తల్గింది గదా, ఇంజన్‌కేమన్న అయ్యిందా?"

"కాలె" అన్నాడు బావ.

"మరింకేంది? గది వంగవట్టే ఇంజన్ బతికింది. గట్టిది వెడితె దెబ్బ లోపటికి వోతది. ఇంజన్ వోతె మల్ల కంకర మిషనే. సిల్వర్‌దే తే."

నాకు మండింది. ఇన్నేళ్ళుగా గిన్నెలమ్ముతున్న మనిషి ముందు, ఆ గిన్నెల్లో వండుకునే మనిషి మాట్లాడటమా! "నీకేం దెల్సక్కా? గది ఫంకా, కూరగిన్నె గాదు" అన్నాను. పప్పు గరిటె నా పళ్ళెం దాకా వచ్చి వెనక్కి వెళ్ళిపోయింది.

బావ ఎప్పట్లాగే నాకు తలూపి అక్క మాట విన్నాడు. మర్నాడు నా దుకాణంలో నుంచే రాణిగంజ్‌లో సామాన్లమ్మే సేటుకు ఫోన్ చేశాడు. "సేట్, సిల్వర్ ఫంకా పంపుండ్రి, జల్దీ." ఆ సేటు మన వైపు మనిషి కాదు. సిల్వర్ అంటే వెండిలా మెరిసేదనుకున్నాడు. తర్వాత తెలిసింది, అతని దగ్గర అల్యూమినియం ఫంకాలన్నీ నల్లరంగు వేసినవేనట. మెరిసేవి స్టీల్‌వి.

నాలుగు రోజులకు పార్సిల్ వచ్చింది. బావ దుకాణంలోనే విప్పాడు. "మీ అక్క లెక్కనే మెరుస్తాంది" అని మురిసిపోయాడు. నేను చేతిలోకి తీసుకున్నాను. బరువుంది. గరిటెతో ఒక్కటి తగిలించాను. ఖంగుమంది. ఆ మోత నాకు కొత్తదా? అది స్టీల్.

బావ నా మొహంలోకే చూస్తున్నాడు. "మంచిగుందా బామ్మర్ది?"

నిజం నోటిదాకా వచ్చింది. మింగేశాను. ఎలాగూ నా మాటే గెలిచింది కదా, ఎండాకాలం గడిచాక అక్కకు చెప్పి ఏడిపించవచ్చనుకున్నాను. "మస్తుంది బావా" అన్నాను.

మూడు ఆదివారాలు పడవ బాగానే తిరిగింది. నాలుగో ఆదివారం నడి చెరువులో ఫంకా బండకు తగిలింది. ఇంజన్ అరుస్తోంది కానీ ఫంకా తిరగడం లేదు. కెప్టెన్ గారూ, సిటీ కుటుంబమూ కలిసి బిర్యానీ డబ్బాల మూతలతో నీళ్ళు తోసుకుంటూ ఒడ్డు చేరారు. గుండ్లపోచంపల్లిలో మెకానిక్ ఇంజన్ విప్పి చూపించాడు. లోపల గేర్ల పళ్ళన్నీ రాలిపోయాయి. "మెత్తటిదైతె రెక్క వంగుతుండె, ఇంజన్ బతుకుతుండె" అన్నాడు. అక్క మాటే, ఇంకో నోటితో.

ఆ వారమే బావ మళ్ళీ కంకర మిషన్‌కు పోయాడు. అక్క నన్నొక్క మాటా అనలేదు. నేను దాచిన సంగతి తెలిస్తే కదా అనడానికి. వాళ్ళింటికి వెళ్తే పప్పు మాత్రం నిండుగా వడ్డించింది. సగం తిని లేచొచ్చాను.

మూడోరోజు నేనే మిషన్ దగ్గరికి వెళ్ళాను. బావ కనుబొమ్మలు కూడా దుమ్ముకు తెల్లబడి ఉన్నాయి.

"బావా, గది స్టీల్ ఫంకా. నాకు గా దినమే ఎర్కైంది. చెప్పలె."

బావ తువ్వాలుతో మొహం తుడుచుకున్నాడు. "నాకు గూడ ఎర్కే. చేతిల వట్టంగనే బరువు దెల్వదా?"

"మరెందుకు బిగించినవ్?"

"నువ్వు కొట్టి జూసి మస్తుందన్నవ్ గదా. నీకెర్క లేందా అనుకున్న."

ఎగతాళి చేస్తున్నాడేమోనని మొహం చూశాను. చేయడం లేదు. చేసి ఉంటే బాగుండేది. అంత సిగ్గు నాకు అంతకుముందు ఎప్పుడూ కలగలేదు.

వానలకు చెరువు నిండింది. ఇంకో పాత ఇంజన్ గేర్లు దొరికాయి. ఈసారి నేనే రాణిగంజ్ వెళ్ళి, అల్యూమినియం అని ఒక్కో అక్షరం పలికి నల్లది తెచ్చాను. బావ మళ్ళీ పడవెక్కాడు. అక్కకూ అంతా చెప్పేశాను. నెల రోజులు నా పళ్ళెంలో పప్పు పడలేదు. ఇప్పుడు దుకాణానికి ఎవరొచ్చినా ముందు "దేనికమ్మా?" అని అడుగుతున్నాను.

స్టీల్ ఫంకాను బావ నా గల్లా పైన మేకుకు తగిలించాడు. వచ్చినప్పుడల్లా దాన్ని చూపిస్తాడు. "జూసినవా బామ్మర్ది, నువ్వన్నట్టే, ఒక్క గీత గూడ వడలె" అని పడీపడీ నవ్వుతాడు. నవ్వు మధ్యలో దగ్గు వస్తుంది. ఆ ఎండాకాలం తిరిగొచ్చిన దగ్గు అది, మళ్ళీ పోలేదు. నేను లేచి గ్లాసుతో నీళ్ళిస్తాను.