మా ఆయన కెనడా చెరువు

మా ఆయన కామరాజు గారికి కైకలూరులో చేపల మేత కొట్టు ఉంది. తవుడు, వేరుశనగ చెక్క అమ్ముతూనే తల నెరిసింది. చుట్టుపక్కల చెరువుల వాళ్లందరికీ ఆయన శెట్టిగారు. చేపలు పట్టించి అమ్మాక చేతికొచ్చిన డబ్బు తెచ్చి మా కొట్లో దాచమని ఇచ్చి, అవసరమైనప్పుడు పట్టుకెళ్తారు. కాగితం ముక్క ఉండదు. ఆ నమ్మకం చూసి నేనూ మురిసిపోయేదాన్ని. ఇప్పుడు తలచుకుంటే ఒళ్లు మండుతోంది.

నిరుడు మా ఆడపడుచు కొడుకు సూర్యతేజ తాడేపల్లిగూడెం నుంచి వచ్చి ఈయన ఫోన్లో ఏదో యాప్ పెట్టి వెళ్లాడు. కెనడాలో చమురు, గ్యాస్ తీసే కంపెనీల షేర్లు కొన్ని అమెరికా మార్కెట్లో దొరుకుతాయట. మూడు నెలలకోసారి డివిడెండని లాభంలో వాటా ఇస్తాయట. “కొంచెమే పెట్టండి మావయ్యా, అదీ నాలుగైదు కంపెనీలకు పంచి పెట్టండి” అని వాడు చెబుతుంటే నేను అక్కడే ఉన్నాను. ఈయన చెవికెక్కింది డివిడెండ్ ఒక్కటే. ఉన్నదంతా ఎక్కడో గ్యాస్ తవ్వే ఒకే ఒక చిన్న కంపెనీలో పోశారు. చెరువు నీళ్ల రంగు చూడనిదే బస్తా అరువివ్వని మనిషి, పేరు కూడా సరిగ్గా పలకలేని కంపెనీని “మన కెనడా” అంటూ తిరిగారు.

గ్యాస్ ధర పడింది. షేరు పడింది. ఆ కంపెనీ డివిడెండ్ కూడా ఆపేసింది. బుద్ధున్న వాడెవడైనా ఆగి ఆలోచిస్తాడు. ఈయన మళ్లీ కొన్నారు. ఇంకా పడితే ఇంకా కొన్నారు. ఇదేం చోద్యమండీ అంటే, “రేటు లేనప్పుడు చేప పడతామా? మేత వేసి నిలబెడతాం. రేటొచ్చే లోపు బరువు కూడా పెరుగుతుంది. ఇదీ అంతే” అన్నారు. చేప తింటుంది కాబట్టి పెరుగుతుంది, షేరేం తింటుందండీ అని అడిగాను. నాకు వ్యాపారం తెలియదట. పొద్దుగూకి అక్కడ మార్కెట్ తెరిచే వేళకు కొట్టు ముందు జనం నిలబడి ఉంటారు, ఈయన ఫోన్లో తల దూర్చి కూర్చుంటారు.

ఒకరోజు సుబ్బాయమ్మ వచ్చింది. భర్త పోయాక కొల్లేటి పక్కన చిన్న చెరువు లీజుకు తీసుకుని, తానే పడవెక్కి మేత సంచులు కడుతూ బతుకుతున్న మనిషి.

“నెలాఖరుకి లీజు కట్టాలండీ శెట్టిగారూ. కట్టకపోతే చెరువు ఇంకొకళ్లకి ఇచ్చేస్తామంటున్నారండీ. నా డబ్బులు ఇప్పించండి” అంది.

“రెండు నెలలు ఆగు సుబ్బాయమ్మా. కెనడాలో ఇరుక్కుంది” అన్నారు ఈయన.

“నేను కెనడాలో ఇవ్వలేదండీ. ఈ బల్ల మీద పెట్టానండీ.”

నాకు అప్పుడే తెలిసింది. మా డబ్బు తగలేస్తున్నారనుకున్నాను. ఆవిడ చెరువు కూడా అందులో ఉందని ఎరగను. లేచి బల్ల దగ్గరకు వచ్చాను.

“ఇవాళే అమ్మేయండి” అన్నాను.

“ఇదా జగదాంబా అమ్మే టైము? రేటు నేలకంటింది. నష్టం వస్తుంది.”

“నష్టం మీది. చెరువు ఆవిడది. అమ్ముతారా, లేక ఈ రోడ్డు మీద నిలబడి అందరికీ చెప్పమంటారా?”

చెప్పేదాన్నే. అది ఆయనకూ తెలుసు. ఆ సాయంత్రం నేను పక్కనే కూర్చుని మొత్తం అమ్మించాను. అప్పటికి మా దగ్గర ఉన్న పరాయి సొమ్ము సుబ్బాయమ్మదొక్కటే. వచ్చింది అందులో సగానికి కూడా చాలలేదు. కొట్లో ఉన్న మేత బస్తాలన్నీ పక్క కొట్టు వాళ్లకు కొన్న ధరకే ఇచ్చేసి, మిగతాది పూడ్చాను. ఖాళీ కొట్టు చూసి ఊరంతా ఏమైందని అడిగారు. నెలాఖరు లోపే ఆవిడ లీజు కట్టుకుంది.

కథ అక్కడితో ఆగితే బాగుండేది. కొన్నాళ్లకు, అరువు మీద మేత తెచ్చి కొట్టు మళ్లీ నింపుకున్నాక, ఆ దిక్కుమాలిన షేరు లేచింది. ఇక ఈయన్ని పట్టేవాళ్లు లేరు. మేతకు వచ్చిన ప్రతివాళ్లకీ అదే పాట. “మా ఆవిడ ఓపిక పట్టలేదండీ. పట్టుంటే ఇవాళ మన పరిస్థితే వేరు.” వినేవాళ్లు నా వంక జాలిగా చూసేవారు, పాపం ఆయన్ని నేనేదో ముంచినట్టు.

మొన్న సుబ్బాయమ్మ ముందు కూడా అదే మాట అన్నారు.  ఆవిడ మేతకు డబ్బిచ్చి, బస్తాలు ఆటోలో వేయించుకుని, నా దగ్గరకు వచ్చింది.

“ఎల్లుండి చేపలు పట్టిస్తున్నానండీ. ఈసారి డబ్బులు బ్యాంకులో వేసుకుంటానండీ. ఏమీ అనుకోకండమ్మా” అంది, తప్పు తనదైనట్టు నెమ్మదిగా.

ఆ మాటకు నా కళ్లలో నీళ్లు తిరిగాయి. ఈయన వంక చూశాను. విన్నారు. వినకపోవడానికి ఆవిడేం దూరంగా లేదు, ఆయన బల్ల పక్కనే నిలబడింది.

“చూశావా జగదాంబా, ఇవాళ ఇంకా పెరిగింది” అన్నారు ఫోను నా వైపు తిప్పి.