కర్రోడి ఎర్రపట్టీ

ఆళ్లగడ్డ అవతల అడవి అంచున చేను ఉన్న ఓబుళరెడ్డి, తన కుక్క కర్రోడి మెడకు ఇనుప ముళ్ల పట్టీ కట్టేవాడు. చిరుతపులి కుక్కను మెడ దగ్గరే పట్టుకుంటుందని దగ్గరుండి కమ్మరి చేత చేయించిన పట్టీ అది.

కర్నూలు రాజధానిగా ఉన్న రోజుల్లో నంద్యాల నుంచి కొత్త వియ్యంకుడు వచ్చాడు. కుక్కను చూసి నలుగురిలో పకపకా నవ్వాడు.

"ఏంది బావా, కుక్కకు పట్టీ కట్టినావా, కంపచెట్టు కట్టినావా?"

ఓబుళరెడ్డికి తల కొట్టేసినట్టయింది. వియ్యంకుణ్ణి సాగనంపే నెపంతో తనూ బస్సెక్కి నంద్యాల పోయాడు. తోలుసామాన్ల అంగట్లో ఇత్తడి బిళ్ల మెరిసే ఎర్రపట్టీ ఎంచుకున్నాడు.

"చేనికాడి కుక్కకైతే ఇది పనికిరాదు రెడ్డీ. మీది ఇంటి కుక్కేనా?" అని అడిగాడు అంగడాయన.

పక్కనే వియ్యంకుడు మీసం దువ్వుకుంటున్నాడు.

"ఇంటిదేలేప్పా. అరుగు దిగదు" అన్నాడు ఓబుళరెడ్డి. అరుగంటే ఏందో ఎరగని కుక్క పాపం కర్రోడు.

కొత్త పట్టీతో నాలుగు రోజులు పెండ్లికొడుకు మాదిరి చేనంతా తిరిగాడు. అయిదో నాటి పొద్దున గట్టు మీద నెత్తురు, ఈడ్చుకుపోయిన జాడ కనిపించాయి. కంపల్లో ఎర్రపట్టీ దొరికింది.

నెల తర్వాత నంద్యాల బజార్లో అంగడాయన పలకరించాడు.

"పట్టీ ఎట్లుండాది రెడ్డీ?"

"దానికేమప్పా, కొత్తదున్నట్టే ఉండాది" అని ఓబుళరెడ్డి తలొంచుకొని నడిచాడు.