అంకె చిన్నదైతే పప్పు పెద్దది

ఇవాళ పొద్దున మా కరుణ కంప్యూటర్ పక్క రేకు విప్పి, దూదిని స్పిరిట్‌లో ముంచి, ప్రాసెసర్ మీద ఎండిపోయిన బూడిదరంగు పేస్టు తుడుస్తోంది. ఆ వాసన వంటింట్లో ఉన్న నా దాకా వచ్చింది. స్పిరిట్ వాసన నాకు కొత్త కాదు. నా కూతురికి మూత్రపిండాలు పాడైన దగ్గర్నుంచి వారానికి మూడు రోజులు పలాసలో డయాలసిస్ మంచం పక్కన కూర్చునేదాన్ని నేనే. అయినా ఆ వాసన తగిలితే నాకు ఆసుపత్రి గుర్తుకు రాదు. పలాసను ఆనుకున్న కాశీబుగ్గ సందులో ఒక ఇరుకు కొట్టు, అందులో వేలికి దూది చుట్టుకుని బల్ల మీదకు వంగి కూర్చున్న ఒక బట్టతల మనిషి గుర్తుకొస్తాడు. ఆయన పేరు భాస్కరరావు. అందరూ మాస్టారనేవారు గానీ ఏ బడిలోనూ పాఠం చెప్పినవాడు కాదు. మొదట రేడియోలు, తర్వాత టీవీలు, ఆ తర్వాత కంప్యూటర్లు బాగుచేశాడు. నిరుడు వానాకాలంలో గుండె ఆగి పోయాడు. మీరెవరూ ఆయన్ని చూసి ఉండరు. చూసి ఉంటే, అంత కోపిష్టి మనిషిని ఈ ముసలిది ఇంతగా పొగుడుతోందేమిటని నన్ను అడిగేవారు.

నా సంగతి కొంచెం చెప్పాలి, లేకపోతే ఆయన చేసింది మీకు అర్థం కాదు. నా పేరు రూతమ్మ. మాది మందస దగ్గర పల్లె. ముప్పై ఏళ్లు పలాస జీడి ఫ్యాక్టరీలో పప్పుకు పొట్టు తీశాను, రకాలు ఏరాను. అక్షరాలు నాకు యాభై దాటాక వచ్చాయి. ఆదివారం ఆరాధన అయ్యాక మా చర్చిలో ఆడవాళ్లకు పెట్టిన తరగతిలో నేర్చుకున్నాను. అంకెలు మాత్రం అంతకు చాలా ముందే వచ్చు. జీడిపప్పు డబ్బా మీద అంకె చదవలేని మనిషిని ఏరే బల్ల దగ్గరికి రానివ్వరు. ఆలస్యంగా చదువుకున్నవాళ్లకు ఒక జబ్బు ఉంటుంది. వచ్చిన నాలుగు ముక్కల మీద మహా నమ్మకం. ఆ జబ్బే నన్ను ఆయన కొట్టుకు చేర్చింది.

అప్పటికి కరుణకు ఇరవై ఆరేళ్లు. డయాలసిస్ మొదలై ఏడాదైంది. ఆ ఏడాదంతా అది నన్ను ఏదీ అడగలేదు. నీళ్లు కొలిచి ఇస్తే తాగేది, ఉప్పు లేని కూర పెడితే తినేది. ఒకే నెలలో రెండుసార్లు ఆసుపత్రికి రానంది. "ఇంక సాలమ్మా, ఒగ్గీ" అంది, వదిలెయ్యమని. నేను మెత్తగా మాట్లాడే మనిషిని కాదు. "సచ్చిపోతావేటే? లెగు" అని తిట్టి, సూదులు లేని చెయ్యి పట్టుకుని బస్సెక్కించాను. రెండుసార్లూ అలాగే ఎక్కించాను. మూడోసారి ఎక్కించగలనన్న ధైర్యం మాత్రం నాకు లేదు. అలాంటి పిల్ల ఒక సాయంత్రం గోడకేసి చూస్తూ, "అమ్మా, ఆటలాడుకునే కంప్యూటర్ ఒకటి కొంతావేటి?" అంది. "ఈ వయసులో ఆటలేటే" అనే మాట నా నాలుక మీదకు వచ్చింది. మింగేశాను. ఏడాది తర్వాత అడిగిన ఒకే ఒక్కటి. దీన్ని నేను పాడుచేస్తే ఇంక అడగదు. అడగడం మానేసిన మనిషి బస్సెక్కడం కూడా మానేస్తుందని నా భయం.

ఉన్నది తక్కువ. పెట్టె మొత్తం ఒక్కసారి కొనలేం. "ముందు గ్రాఫిక్స్ కార్డు కొనమ్మా. తెర మీద బొమ్మల్ని నడిపించేది అదే. ఒకే వరుసలో రెండు మూడు రకాలుంటాయి. మనకందేవాటిలో పెద్దది తీసుకో" అని కరుణ డయాలసిస్ మంచం మీద నుంచే చెప్పి, చీటీ మీద ఆ వరుస పేరు రాసిచ్చింది. దానికి రక్తం శుభ్రమయ్యే నాలుగు గంటల్లో నేను బజారుకు వెళ్లాను. పెద్ద రోడ్డు మీద ఒక అద్దాల కొట్టు ఉంది. దాని యజమాని ఒకేలా ఉన్న రెండు డబ్బాలు నా ముందు పెట్టాడు. బొమ్మ ఒకటే, రంగు ఒకటే, అంకెలు వేరు. ధరలో కొద్దిగా తేడా. "రెండూ బానే ఆడతాయమ్మా, నీ ఇష్టం" అన్నాడు. నేను అంకెలు చూశాను. నాకు లోపల నవ్వొచ్చింది. చిన్న అంకె డబ్బానే తక్కువ ధర. పెద్ద సరుకును చవగ్గా అమ్ముకుంటున్నాడు, వెర్రివాడు అనుకుని, గబగబా అదే తీసుకుని బయటపడ్డాను.

ప్రాసెసర్ ధర ఇంకోచోట అడుగుదామని వెనక సందులో ఉన్న భాస్కరరావు కొట్టుకు వెళ్లాను. ఆయన తల ఎత్తకుండానే నా చేతిలో డబ్బా చూశాడు.

"ఇది ఎవులు కొనమన్నారప్పా?" మా వైపు అక్కను అప్ప అంటారు.

"ఎవులూ కాదు బాబూ. నానే ఎంచి కొన్నాను. ఉన్నవాటిలో పెద్దది."

"పెద్దదని ఎలగ తెలిసింది?"

"అంకె సూడండి. ఎంత సిన్నదో!"

కొట్లో ప్రింటర్ బాగుచేయించుకోవడానికి వచ్చినవాడొకడు కూర్చుని ఉన్నాడు. వాడు పకపకా నవ్వాడు. మాస్టారు వాడి వైపు తిరిగి, "నవ్వడానికైతే నీ ప్రింటర్ అట్టుకుని ఇంటికి పో" అన్నాడు. తర్వాత వేలి మీది దూది తీసి పక్కన పెట్టి, నా ఎదురుగా బల్ల లాక్కుని కూర్చున్నాడు. "అంకె సిన్నదైతే సరుకు పెద్దదెలగవుద్దో సెప్పప్పా. నాకు తెల్దు."

ఎగతాళికి అడుగుతున్నాడేమోనని మొహం చూశాను. కాదు, నిజంగానే అడుగుతున్నాడు. చెప్పాను. పలాసలో జీడిపప్పుకు అంకె కట్టేది ఒక పౌను తూకానికి ఎన్ని గుండ్లు, అంటే విరగని పప్పులు, తూగాయన్న లెక్కతో. నూట ఎనభై తూగితే ఒక్కో గుండు బొటనవేలంత ఉంటుంది, అది రాజా రకం. మూడు వందల ఇరవై తూగితే అది పెళ్లి పాయసంలో వేసే మామూలు రకం. అందుకే అంకె చిన్నదైతే పప్పు పెద్దది. ముప్పై ఏళ్లు నా చేతులు ఆ లెక్కతోనే బతికాయి. ఆయన మధ్యలో ఆపి, "మరి రెండుగా ఇడిపోయిన బద్దకి ఏ అంకె?" అని కూడా అడిగాడు. బద్దకు అంకె ఉండదు, అక్షరమే అని చెప్పాను. అంతా విన్నాక తల ఊపాడు.

"నీ లెక్క తప్పు కాదప్పా. ఆ లెక్క జీడిపప్పుది. ఈ డబ్బాల మీద తిరగేసి రాత్తారు. ముందున్న అంకె ఏ కాన్పుదో, అంటే కొత్తదో పాతదో సెప్తాది. ఎనకున్న అంకె ఎంత సత్తువో సెప్తాది. నువ్వు తెచ్చింది పాత కాన్పు, సత్తువ తక్కువ. సీలు తియ్యకు."

సీలు చిరగలేదు కదా అని డబ్బా తిప్పి తిప్పి చూశాను. కానీ ఆ క్షణంలో కూడా నాకు ఒక వింత అనిపించింది. ఫ్యాక్టరీలో మేస్త్రీ దగ్గర్నుంచి చర్చిలో అక్షరాలు దిద్దించిన పంతులమ్మ దాకా, నాకు తప్పు అని చెప్పినవాళ్లు చాలామంది ఉన్నారు. ఆ తప్పు నాకు ఎక్కణ్ణుంచి వచ్చిందని అడిగినవాడు ఈయనొక్కడే. నేను తెలివితక్కువదాన్నై తప్పు చేయలేదు. నాకు బాగా తెలిసిన పని ఒకటి ఉండబట్టి తప్పు చేశాను. ఆ రెండింటికీ తేడా ఉందని అరవై ఏళ్లొచ్చాక ఒకరు నాకు చూపించారు.

ఆయన కొట్టు అలాగే వదిలి నాతో నడిచాడు. అద్దాల కొట్టు యజమాని ఒకప్పుడు ఈయన దగ్గరే పని నేర్చుకుని, మాట తేడా వచ్చి విడిపోయినవాడట. ఏళ్ల తరబడి ఇద్దరికీ మాటల్లేవని ఆ రోజు నాకు తెలియదు.

"ఏటి గురువుగారూ, దారి తప్పేరా?" అన్నాడు వాడు.

"దారి తప్పింది నీ సరుకు నానా. సీలు అలాగే ఉంది. అప్పకి మార్చి ఇయ్యి."

"నా కాడే ఇంకోటి కొంటేనే మారుత్తాను."

"కొంతాది. ఆ రెండో డబ్బా ఇయ్యి."

బయటికొచ్చాక నేనే అడిగాను. "అదే కార్డు మీ కొట్లో కూడా ఉంది కదా బాబూ. మీ బేరం పోయింది."

"నా బేరం నాను సూసుకుంతాను. నువ్వు ఆసుపత్రి టైము సూసుకో" అని కసురుకున్నాడు. ప్రాసెసర్ మాత్రం అమ్మనన్నాడు. "ఆడేది నువ్వేటి? ఆడేదాన్ని తీసుకురా. దేనికో తెలీకుండా నాను అమ్మను."

అలా కరుణ ఏడాదిలో మొదటిసారి డయాలసిస్ లేని రోజున పలాస బస్సెక్కింది. ఆయన దాన్ని బల్ల దగ్గర కూర్చోబెట్టి, ఏ ఆట ఆడతావని అడిగాడు. కరుణ సిగ్గుపడి నా వైపు చూసింది. నాకు కూడా అప్పటిదాకా తెలియదు. నేనెప్పుడు అడిగాను గనుక?

"లారీ తోలే ఆట, మావయ్యా."

"ఎంత దూరం తోల్తావు?"

"ఎంత దూరమైనా. కొండలు, మంచు, ఏరే దేశాలు... రోజులు రోజులు తోలొచ్చు."

నేను గోడ మీది క్యాలెండర్ చూస్తూ కూర్చున్నాను. ఒకరోజు విడిచి ఒకరోజు సూదులు గుచ్చించుకునే పిల్ల రెండు రాత్రులు వరుసగా ఎక్కడా ఉండలేదు. విశాఖపట్నం దాటి ఎటూ పోలేదు. ఇంట్లో నా పక్కనే ఉంటూ అది ఏం కోరుకుంటోందో ఒక కంప్యూటర్ కొట్టువాడు అడిగితే నాకు తెలిసింది.

మాట మార్చాలని, "ప్రాసెసరు మెదడంట కదా బాబూ, అన్నిటికన్నా పెద్దది ఇచ్చేయండి" అన్నాను. ఆయన విసుక్కుంటూ చెప్పాడు: ప్రాసెసర్ పనిని సిద్ధం చేసి అందిస్తుంది, కార్డు దాన్ని బొమ్మగా గీస్తుంది, ఒకటి మరీ పెద్దదై రెండోది చిన్నదైతే పెద్దదానికి పెట్టిన డబ్బు దండగ. నాకు వెంటనే ఫ్యాక్టరీ కళ్లకు కట్టింది. "పిక్కలు కోసే బల్ల కాడ ఎనమండుగురు, పొట్టు తీసే కాడ ఇద్దరమే ఉన్నామనుకోండి. మా ముందు కుప్ప పడిపోద్ది. కోతోళ్లు ఎంత జోరుగా కోసినా సాయంత్రానికి అయ్యే పప్పు అంతే" అన్నాను. ఆయన బల్ల చరిచాడు. "అదీ! ఇన్నేళ్లూ ఈ మాట నాకు దొరకనేదు సూడు!" ఆ తర్వాత కొట్టుకొచ్చిన ప్రతివాడికీ, "మందస అప్ప సెప్పింది" అని పేరు పెట్టి మరీ ఈ మాట చెప్పేవాడు. తన మాటగా ఒక్కసారీ చెప్పుకోలేదు.

మా కార్డుకు సరిపడే మధ్యరకం ప్రాసెసర్ ఎంచాడు. మిగిలిన డబ్బు మంచి పవర్ సప్లైకి పెట్టించాడు. ప్రాసెసర్ని దాని గూట్లో పెట్టడం మాత్రం కరుణ చేతే చేయించాడు. అది కుదరక గట్టిగా నొక్కబోయింది. "నొక్కకు తల్లీ. చోటు సరిగ్గా కుదిరితే అదే కూర్చుంటాది" అన్నాడు. కూర్చుంది. కరుణ నవ్వింది. ఆ నవ్వు గురించి ఇంకేమీ రాయను.

ఆయన దేవుడేమీ కాదు. కంప్యూటర్ ఇంటికొచ్చిన వారానికి, సాయంత్రమయ్యేసరికి దానంతటది ఆగిపోవడం మొదలైంది. ఫోన్ చేస్తే, మీరే ఏదో నొక్కుతున్నారని కరుణను కేకలేశాడు. అది ఫోన్ పెట్టేసి గోడ వైపు తిరిగి పడుకుంది. నేను మళ్లీ ఫోన్ చేసి ఆయన్ని తిట్టాను, నాకు తెలిసిన తిట్లన్నీ తిట్టాను. మర్నాడు మందస బస్సు దిగి, చంకలో బరువైన పెట్టెతో మా ఇంటికొచ్చాడు. సాయంత్రం దాకా కూర్చున్నాడు. చుట్టుపక్కల తోటల్లో మోటార్లు వేయగానే మా ఇంట్లో బల్బు ఎర్రబడింది, కంప్యూటర్ ఆగింది. ఆయన లేచి కరుణ ముందు నిలబడ్డాడు.

"తప్పు నాది తల్లీ. మా పలాస కరెంటే అందరిళ్లల్లోనూ ఉంటాదనుకున్నాను. మీ ఊర్లో సాయంత్రం ఎలగుంటాదో అడగాల్సింది. నాను అడగనేదు."

తను తెచ్చిన పెట్టెలోంచి వోల్టేజి పడినా తట్టుకునే యూపీఎస్ తీసి తగిలించి, కరుణ లారీ ఒక కొండ దిగేదాకా పక్కన నిలబడి చూసి, ఆఖరి బస్సుకు వెళ్లిపోయాడు. కాఫీ తాగమంటే, ఇంత చక్కెర ఎవరు తాగుతారని దానికీ తిట్టాడు.

ఆ తర్వాత నాలుగేళ్లలో కరుణ ఒక్క డయాలసిస్ కూడా ఎగ్గొట్టలేదు. ఆటే దాన్ని నిలబెట్టిందని చెప్పను, నాకు తెలియదు. మొన్నామధ్య ఒక బుధవారం మాత్రం మళ్లీ ఆ మాట అంది. బస్సుకు వేళైంది. "రానమ్మా. ఒగ్గీ." నాకు ఒళ్లు మండింది. రెక్క పట్టుకోవడానికి చెయ్యి చాచాను. అప్పుడు ఎందుకో ఆగాను. మంచం మీద దాని పక్కన కూర్చున్నాను.

"ఎందుకే? తిట్టను. సెప్పు."

బయట బస్సు హారన్ కొట్టి వెళ్లిపోయింది. అప్పుడు కరుణ జాకెట్టు చెయ్యి పైకి లాగి చూపించింది. ఒకే చోట మళ్లీ మళ్లీ గుచ్చడం వల్ల మోచేతి పైన వాచి, నల్లగా కమిలి ఉంది. మూడు వారాలుగా ఆ నొప్పితోనే వస్తోందట.

"ముందే సెప్పొచ్చు కదే?"

"తిడతావని సెప్పనేదు."

నాలుగేళ్ల కిందట నేను తిట్టి బస్సెక్కించిన ఆ రెండు రోజుల్లోనూ ఇలాంటిదేదో ఉండే ఉంటుంది. నేను అడగలేదు. ఇంకొక మనిషి మూర్ఖంగా మాట్లాడుతున్నట్టు కనిపించినప్పుడు, దాని వెనక వాళ్లకు తెలిసినదేదో ఉంటుందని, ముందు దాన్ని అడగాలని నాకు నేర్పినవాడు సందులో కొట్టు పెట్టుకున్న ఆ కోపిష్టి మనిషి. నేర్చుకున్నది అందరి దగ్గరా వాడాను గానీ, నా కూతురి దగ్గర వాడటానికి ఇంతకాలం పట్టింది.

రెండో బస్సుకు వెళ్లాం. నర్సుకు చెయ్యి చూపించి, సూది చోటు మార్పించాం. ఆ రోజు డయాలసిస్ ఆలస్యంగా మొదలైంది, నాలుగు గంటలూ నడిచింది.